ఓడ దిగిన రోజే పుట్టిన మనిషి

మా ఆయన పోయారని నాకు చెప్పింది ఆటో నడిపే వీర్రాజు. గుమ్మం బయటే నిలబడి, "సత్యవతక్కా, సూరిబాబు గారు బస్టాండులో బల్ల మీద కూర్చున్నారు, లేవట్లేదు" అన్నాడు. "బస్సు రాలేదేమో, కూర్చోనీ" అన్నాను. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. వీర్రాజు కదల్లేదు. మళ్లీ అదే మాట చెప్పాడు. ఈసారి అతని మొహం చూశాను. ఆ తర్వాత పప్పు ఎవరు దింపారో, ఇంటికి తాళం ఎవరు వేశారో నాకు తెలియదు.

ఆ పొద్దున మా ఆయన మరియమ్మ గారి కోడలిని వెంటబెట్టుకుని పాస్‌పోర్టు ఆఫీసుకి బయల్దేరారు. ఆ పిల్ల చెప్పింది. "ఏంటి, ఇంకా రాలేదు ఈ బస్సు" అని కూర్చున్నారట. అంతే. పోయేముందు దేవుడి పేరు తలుచుకుంటారంటారు, కడుపున పుట్టినవాళ్లని తలుచుకుంటారంటారు. ఈయన బస్సుని తలుచుకున్నారు. అరవై కూడా రాలేదు. ముందు రోజు మిల్లులో బెల్టు తెగితే నిచ్చెనెక్కి వేసొచ్చిన మనిషి. నాకు ఇప్పటికీ నమ్మకం కుదరడం లేదు. సాయంత్రం అయ్యేసరికి తల మీద తౌడు దులుపుకుంటూ వస్తారనే అనిపిస్తుంది.

మన బర్మా కాలనీ సంఘం వాళ్లు ఆయన పేరు మీద చిన్న పుస్తకం వేస్తున్నారు. "మీరు నాలుగు మాటలు చెప్పాలి" అన్నారు. నేను సంతకం వరకూ చదువుకున్నదాన్ని. నేను చెప్తుంటే బడి టీచరమ్మ రాస్తున్నారు. ఆవిడ మొదట "దివంగతులైనారు, కాలనీకి ఆశాజ్యోతి, పరోపకార పరాయణులు" అని రాసి చదివి వినిపించారు. వినడానికి గుడిలో మంత్రంలా బాగుంది. ఎవరి గురించమ్మా అని అడిగాను. మీ ఆయన గురించే అన్నారు. ఉంచెయ్యండి, పెద్ద మాటలు, ఆయనకి బతికుండగా ఎవరూ అనలేదు అన్నాను. కాబట్టి మా వారు పరోపకార పరాయణులు. ఇక మిగతాది నేను చెప్తాను.

తెలియని వాళ్ల కోసం చెప్తున్నాను. మా ఆయన పుట్టింది రంగూన్లో. మా మామగారు అక్కడ బియ్యం మిల్లులో పనివాడు. అత్తగారు ఈయన పసితనంలోనే, తమ్ముడు అప్పన్నని కని, పోయారు. ఇద్దరు మగపిల్లల్నీ పెంచింది వాళ్ల పెద్దక్క మహాలక్ష్మి. తర్వాత అక్కడి సర్కారు కొట్లూ మిల్లులూ తీసేసుకుని, మీ దేశం మీరు పొండి అంది. అప్పటికి మహాలక్ష్మి వదినకి అక్కడి మనిషితో పెళ్లయింది, చంకలో పిల్లాడున్నాడు. ఆవిడ రేవు దాకా వచ్చి, తమ్ముళ్లిద్దర్నీ ఓడెక్కించి, అక్కడే ఉండిపోయింది. మా మామగారూ, కొడుకులిద్దరూ విశాఖ రేవులో దిగారు. అక్కణ్ణించి క్యాంపు, క్యాంపు నుంచి మన మండపేట. ఇక్కడ మిల్లులున్నాయి, వాళ్లకి వచ్చిన పని అదొక్కటే.

నేను ఇక్కడిదాన్నే. నా పెళ్లప్పుడు మా పెదనాన్న, "ఓడలో కొట్టుకొచ్చినవాడికి పిల్లనిస్తారా, వాడికి ఊరేదీ, పేరేదీ" అని పీటల దగ్గర నిలబడే అడిగాడు. మా ఆయన తలెత్తి, "ఊరు రంగూన్ అండి. కాస్త దూరం, కాబట్టి మీ అమ్మాయి అలిగితే పోవడానికి మీ ఇల్లే దగ్గర" అన్నారు. పందిట్లో నవ్వారు. మా పెదనాన్న కూడా నవ్వాడు, కానీ భోంచెయ్యకుండా వెళ్లిపోయాడు. మనిషి పొట్టి, మాట మాత్రం గట్టిది.

ఆ పొట్టితనం గురించి చెప్పాలి. దాని వల్లే ఎంత కథ నడిచిందో.

కాలనీ పిల్లల్ని బళ్లో వేసినప్పుడు హెడ్మాస్టారు పుట్టిన తేదీలు అడిగారట. ఎవరికి తెలుసు? తెలిసిన కాయితాలు రంగూన్లో ఉండిపోయాయి. మా మామగారు ముందుకొచ్చి, "ఓడ దిగిన రోజు రాసుకోండి మాస్టారూ. దానికి ముందు మావేవీ మా దగ్గర లేవు. చెవిపోగులు కూడా అక్కడి సర్కారు వాళ్లు రేవులోనే తీయించుకున్నారు" అన్నారట. మాస్టారు మంచాయన. తలూపి, పిల్లలందరికీ అదే రోజు, అదే నెల రాసేశారు. మరి సంవత్సరం? పిల్లల్ని వరసలో నిలబెట్టి ఎత్తు చూసి రాశారు. అప్పన్న తాటిచెట్టులా ఉండేవాడు, ఈయన పక్కన మొలకలా ఉన్నారు. బడి పుస్తకంలో తమ్ముడు అన్నయ్యాడు, అన్న తమ్ముడయ్యారు. అప్పటి నుంచీ అప్పన్న పండక్కి కాళ్లకి దణ్ణం పెట్టమంటే, "కాయితం ప్రకారం నువ్వే నాకు పెట్టాలి సూరీ" అనేవాడు. ఈయన విసుక్కుని గోంగూర కాడతో కొట్టడం నేను కళ్లారా చూశాను.

కాలనీలో ఓడ దిగిన వాళ్లందరికీ అదే పుట్టినరోజు. దాన్ని ఓడరోజు అంటాం, ఏటా చేస్తాం. కొత్త కోడలిగా వచ్చిన ఏడు నాకు అర్థం కాలేదు. తాతలూ మనవలూ ఒకే రోజు పుట్టడమేంటి, వీళ్లేమైనా కోడిపిల్లలా అనుకున్నాను. పైకే అనేశాను కూడా. మా మామగారు పడీ పడీ నవ్వారు.

సరే, అసలు సంగతికి వస్తాను. వదిన నుంచి ఏడాదికొకటి రెండు ఉత్తరాలు వచ్చేవి. మొదట్లో తన చేత్తోనే రాసేది. ఆ చెయ్యి రానురానూ వంకర పోయింది, తర్వాత ఎవరో తెలుగాయన చేత రాయించేది. ఒకసారి అందులో ఇలా ఉంది: ఎడమ కన్ను పోయింది, కుడి కంటికి పగలూ రాత్రీ తేడా తెలుస్తోంది, మనుషులు పొగలా కనబడుతున్నారు, అది కూడా పోయేలోపు సూరిగాడిని ఒక్కసారి చూడాలి. మా ఆయన ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని మిల్లుకి పోయారు. సాయంత్రం వచ్చి, "సత్యవతీ, నేను రంగూన్ వెళ్తున్నాను" అన్నారు, పక్కనున్న రామచంద్రపురం వెళ్తున్నట్టు.

"దేని మీద?" అన్నాను.

"విమానం మీద."

"అది కాదు. ఏ కాయితం మీద?"

అప్పుడు మొదలైంది పాస్‌పోర్టు యాత్ర.

అప్పటికి మన చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆడవాళ్లు మస్కట్, కువైట్ ఇళ్లల్లో పనికి వెళ్తుండేవారు. వాళ్లకి కాయితాలు చేసే ఏజెంటు ఒకడు ఉండేవాడు, పేరెందుకులెండి. అతని దగ్గరికి వెళ్లాం. అప్పన్న కూడా వచ్చాడు, తనూ చేయించుకుంటానన్నాడు. ఏజెంటు అంతా విని, "పుట్టిన ఊరు మండపేట అని రాయండి. నేను సర్టిఫికెట్ పుట్టిస్తాను. చిటికెలో వస్తుంది. రంగూన్ అని రాశారో, మీరు అసలు ఇండియా వాళ్లేనా అని అడుగుతారు, చెప్పులరిగిపోతాయి" అన్నాడు.

మా ఆయన, "మండపేటలో పుడితే నాకు రంగూన్లో అక్క ఎందుకుంటుందయ్యా?" అన్నారు.

"మీ అక్క సంగతి ఎవడడిగాడండీ?"

"నేను వెళ్లేదే ఆవిడ కోసం. ఆవిడని చూడ్డానికి వెళ్తూ, ఆవిడ నన్ను పెంచిన ఊరు లేదని రాయమంటావా?"

ఇంటికొచ్చాక నేను అరిచాను. కన్ను ఆరిపోతోందని ఆవిడ రాస్తే, ఈయన ఊరి పేరు కోసం పట్టు పడతారా? "పుట్టినరోజు ఎలాగూ అబద్ధమేగా, పుట్టినూరు కూడా ఇంకో అబద్ధం అయితే మునిగిపోతామా?" అన్నాను. ఆయన కోప్పడలేదు. "రోజు నాకు తెలియదే. తెలియదు కాబట్టి ఎవరో ఇచ్చింది పుచ్చుకున్నాను. ఊరు తెలుసు. తెలిసిందాన్ని తెలియదనకూడదు" అన్నారు. అన్నం దగ్గర కూర్చుని మళ్లీ, "కూర బాగుంది" అన్నారు. ఇంకేం అంటాను.

రంగూన్ అనే రాశారు. రేవులో ఇచ్చిన కాందిశీకుల కార్డు మా మామగారిది పెట్టెలో ఉంది, బడిలో వేసినప్పుడు అది చూపించాలని ఎవరికీ తోచలేదట. బడి సర్టిఫికెట్లతో పాటు అదీ జత చేశారు. అందులో మామగారి పేరు కింద, పెద్ద కొడుకు సూరిబాబు, తొమ్మిదేళ్లు, చిన్న కొడుకు అప్పన్న, ఏడేళ్లు అని శుభ్రంగా ఉంది. బడి కాయితంలోనేమో అప్పన్న పెద్దవాడు. అది ముందు మాకు తట్టలేదు. మాకు అలవాటైపోయిన విషయం కదా, వింత అనిపించలేదు.

పాస్‌పోర్టు ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. అన్నదమ్ములతో పాటు నేనూ వెళ్లాను. భార్య పక్కనుంటే జాలి పడతారని ఈయన ఆశ. లోపల ఆఫీసరు గారు కళ్లజోడు పైకి తోసుకుని కాయితాలు తిప్పుతూ కూర్చున్నారు. పక్కన ఇంకో ఫైలుంది. అది మన కాలనీ ఆదెమ్మది, మస్కట్ వెళ్లడానికి పెట్టుకుంది, ఆవిడా ఆ రోజే వచ్చి బయట కూర్చుని ఉంది.

"ఏమయ్యా, మీ ఇద్దరన్నదమ్ములూ ఒకే రోజు, ఒకే నెల పుట్టారా?"

"అవునండి."

"ఈవిడెవరో ఆదెమ్మ, ఈవిడా అదే రోజు పుట్టిందే. ముగ్గురూ ఒకే రోజు ఎలా పుడతారయ్యా?"

"ముగ్గురు కాదండి, కాలనీ అంతా" అన్నారు ఈయన.

ఆఫీసరు గారు కలం కింద పెట్టేశారు. "మీ కాలనీకి వేరే రోజే దొరకలేదా?"

"ఆ రోజుకి ముందు మేం ఇక్కడ లేమండి."

"మరి ఈ కార్డులో నువ్వు పెద్దవాడివి, బడి కాయితంలో నీ తమ్ముడు పెద్దవాడు. ఇదేంటి?"

"వాడు పొడుగండి" అన్నారు మా ఆయన.

నేను తల వంచుకున్నాను. నవ్వు వస్తోంది, భయం వేస్తోంది. అప్పన్న లేచి గుమ్మంలో నిలబడి మరీ చూపించాడు, తలుపు కమ్మికి నెత్తి తగిలేలా. ఆఫీసరు గారు నవ్వలేదు. ఆయన్ని తప్పు పట్టడానికి లేదు. నేనైనా ఆ కుర్చీలో కూర్చుంటే దొంగ సర్టిఫికెట్ల ముఠా అనే అనుకుంటాను. "పోలీసు ఎంక్వైరీ వేస్తాను. అది వచ్చే దాకా మూడు ఫైళ్లూ ఇక్కడే" అన్నారు.

తిరిగొస్తుంటే రైల్లో ఆదెమ్మ కూడా మాతో ఉంది. ఆవిడ తిట్టని తిట్టు లేదు. "నీ అక్క కన్ను సంగతేమో గానీ సూరిబాబూ, నా మస్కట్ ముంచావు" అంది. ఆ నెలలన్నీ ఆయన సరిగ్గా తినలేదు. గోడ మీద దీపం చూస్తూ ఒక కన్ను మూసి, తర్వాత రెండోది సగం మూసి చూసేవారు. ఏం చేస్తున్నారని అడిగితే, "అక్కకి ఇలా ఉంటుందేమో" అనేవారు.

కానిస్టేబుల్ ఒకాయన మోటారు సైకిలు మీద వచ్చారు. కోతల రోజులు, మిల్లులన్నీ నడుస్తున్నాయి, కాలనీలో నేనూ మేకలూ తప్ప ఎవరూ లేరు. "ఎవర్ని అడగాలమ్మా, ఎవరూ లేరే" అని విసుక్కున్నారు. నేను మంచినీళ్లిచ్చి, "వచ్చే వారం మా ఓడరోజు బాబూ. ఆ రోజు పని మానేసి అందరం ఒక్క చోట దొరుకుతాం. భోజనానికి రండి" అన్నాను. ఆయన అదోలా చూసి వెళ్లారు. వస్తారనుకోలేదు. వచ్చారు.

ఓడరోజు చూడని వాళ్లకి చెప్తాను. సంఘం షెడ్డులో చాపలు పరుస్తాం. ఓడలో వచ్చిన వాళ్లంతా, ముసలీ ముతకా అన్న తేడా లేకుండా, వరసగా కూర్చుంటారు. నాలాంటి ఇక్కడి వాళ్లం వడ్డించాలి, అది పద్ధతి. వంట కూడా బర్మా వంటే. గోధుమ సేమియాలా పొడుగ్గా ఉండేదాన్ని ఉడకబెట్టి, కొబ్బరిపాల పులుసు పోసి, పైన వేయించిన ఉల్లిపాయ చల్లుతాం. కౌస్వే అంటారు. ఆకు వెయ్యక ముందు పెద్ద దిక్కు నారాయుడు తాత నిలబడి, ఓడలో వచ్చిన వాళ్ల పేర్లన్నీ ఒకటొకటే పిలుస్తాడు. పిలిచినవాళ్లు "దిగాను" అనాలి. పోయిన వాళ్లకి వాళ్లింట్లో వాళ్లు "దిగారు" అనాలి.

కానిస్టేబుల్ గారు గుంజకి ఆనుకుని నిలబడి రాసుకుంటున్నారు. సూరిబాబు, దిగాను. అప్పన్న, దిగాను. మా మామగారి పేరుకి ఇద్దరూ కలిసి దిగారు అన్నారు. ఆదెమ్మ అరిచినట్టు దిగాను అంది, పోలీసాయనకి వినపడాలని. ఆ తర్వాత తాత "మహాలక్ష్మి" అన్నాడు. మా ఆయన నేల చూసి, "ఎక్కలేదు" అన్నారు. ఏటా అంతే, ఆ ఒక్క పేరుకే ఆ జవాబు.

కానిస్టేబుల్ గారు నా దగ్గరికొచ్చి నెమ్మదిగా, "ఎవరమ్మా ఆవిడ?" అన్నారు.

"ఆవిడ కోసమేనయ్యా ఈ గొడవంతా" అన్నాను. కన్ను సంగతి చెప్పాను.

ఆయన రాసుకోవడం ఆపి, ఆకు ముందు కూర్చున్నారు. మారు అడిగి వేయించుకున్నారు. వెళ్లేటప్పుడు, "ఏం రాయాలో నాకు అర్థమైందమ్మా, ఎలా రాయాలో అర్థం కావట్లేదు" అన్నారు. ఏం రాశారో తర్వాత ఆఫీసరు గారే మాకు చదివి వినిపించారు. ఈ కాలనీలో పెద్దవాళ్లందరూ ఒకే రోజు పుట్టినట్టు చెప్పుకొనుట వాస్తవము, అందులో మోసము లేదు, వారు ఆ రోజున భోజనములు చేయుదురు, అని ఉంది. అప్పుడు నవ్వారు ఆఫీసరు గారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మరీ నవ్వారు. "కార్డులో వయసు ప్రకారం అఫిడవిట్ వేయండి. తేదీ మీ ఓడదే ఉంచుతాను" అన్నారు.

పాస్‌పోర్టులు పోస్టులో వచ్చాయి. కాలనీ అంతా చేతులు మార్చుకుంటూ చూశారు. మా ఆయన ముందు సంవత్సరం చూసుకున్నారు. తర్వాత అప్పన్నది తీసి చూశారు. "ఒరేయ్ అప్పన్నా, ఇలా రా" అన్నారు. "ఏంటి?" అన్నాడు. "దణ్ణం పెట్టు." అన్నేళ్ల బాకీ అది. అప్పన్న మూతి ముడుచుకుని వంగాడు. ఈయన అతని తల మీద చెయ్యి వేసి ఎంతసేపటికీ తియ్యరే. "లే బాబూ, నడుము పట్టేస్తుంది" అని నేనే లేపాను.

కానీ ఆలస్యం ఆలస్యమే. కలకత్తా పోయి విమానం ఎక్కి ఆయన రంగూన్లో దిగేసరికి వదిన కుడి కన్ను కూడా పూర్తిగా పోయింది. ఆయన తిరిగొచ్చి ఈ మాట చెప్పినప్పుడు, ఆ ఏజెంటు మాట విని ఉంటే, అని నోటిదాకా వచ్చింది. ఆయనే అందుకుని చెప్పారు. వదిన మంచం మీద కూర్చుని ఉందట. ఈయన వెళ్లి కాళ్ల దగ్గర కూర్చుంటే, రెండు చేతులతో నెత్తి, నుదురు, చెవులు, భుజాలు తడిమిందట. భుజాల దగ్గర ఆగి, "ఒరేయ్ సూరీ, ఇంత పొట్టిగా ఉండిపోయావేంట్రా, నాన్న తిండి పెట్టలేదా?" అందట. ఈయన ఏడ్చేశారట. కళ్లుండగా రాలేకపోయానక్కా, తప్పు నాదే, మండపేట అని రాసుంటే ముందే వచ్చేవాణ్ణి అన్నారట. ఆవిడ, "మంచిదైందిరా. కళ్లుంటే ముసలాడెవడో కనబడేవాడు. ఇప్పుడు నాకు ఓడెక్కించిన పిల్లాడే వచ్చాడు" అందట. ఇది చెప్తూ మా ఆయన నవ్వారు, ముక్కు తుడుచుకున్నారు, మళ్లీ నవ్వారు.

ఆవిడకి ఈయన పుట్టిన వారం కూడా గుర్తుంది. మంగళవారం అట. అక్కడ వాళ్లకి తేదీ కంటే వారమే ముఖ్యం. గుళ్లో ఏ వారం పుట్టిన వాళ్లకి ఆ వారం మూల ఉంటుందట, వదిన ఈయన్ని చెయ్యి పట్టుకుని మంగళవారం మూలకి తీసుకెళ్లి నీళ్లు పోయించిందట. గుడ్డి మనిషి దారి చూపిస్తే, కళ్లున్నాయన వెనకాల వెళ్లారు. కాలనీలో, ఇంకేం, ఇప్పుడు నీకు సొంత పుట్టినరోజు దొరికింది కదా సూరిబాబూ, ఓడరోజు మానేస్తావా అని ఆటపట్టించారు. "వారం మా అక్కది, తేదీ మీ అందరిదీ. రెండూ ఉంచుకుంటాను, మీకేం నష్టం" అన్నారు.

అక్కణ్ణించి వచ్చాక ఆయనకి కొత్త పని పట్టుకుంది. ఎవరు పాస్‌పోర్టు అన్నా ఈయన తయారు. ఆదెమ్మతో మొదలైంది, ఆవిడ మస్కట్ వెళ్లింది, ఈయన్ని క్షమించేసింది. తర్వాత చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చేవారు, చర్చి వాళ్లు, గుడి వాళ్లు, ఏమీ లేనివాళ్లు. పైసా పుచ్చుకునేవారు కాదు, బస్సు ఛార్జీ మాత్రం ఎవరిది వాళ్లదే. ఫొటోకి వెళ్లేముందు ఆడవాళ్ల చేత మజ్జిగ తాగించేవారు, భయంతో మొహం పీక్కుపోయి వేరే మనిషిలా పడుతుందని. "తెలిసింది రాయించు, తెలియనిది తెలియదని చెప్పు. నడుమ ఇంకోటి కల్పించకు, కల్పించింది నువ్వే మర్చిపోతావు" అనేవారు. అందరికీ ఇదే పాఠం.

మరియమ్మ గారి సంగతి చెప్పి తీరాలి. ఆవిడ కువైట్ వెళ్తున్నప్పుడు ఈయన పాస్‌పోర్టు జిరాక్సు తీయించి, "అక్కడ ఇంటివాళ్లు నీ పుస్తకం తీసి దాచేస్తారు. ఇది లంగా అంచులో కుట్టుకో" అన్నారు. ఆవిడ సిగ్గుపడితే నన్ను పిలిచి కుట్టించారు. రెండేళ్లకి ఆవిడ ఆ ఇంట్లో ఉండలేక బయటపడింది. చేతిలో పాస్‌పోర్టు లేదు. మన దేశం ఆఫీసుకి వెళ్లి, అంచు విప్పి ఆ కాయితం చూపిస్తే, ఇంటికి రావడానికి ఔట్‌పాస్ రాసిచ్చారట. దిగగానే మా ఇంటికొచ్చింది. నేను గుమ్మంలో చూసి ఏడుస్తుంటే, మా ఆయన లోపల్నుంచి, "కుట్టు నిలిచిందా?" అని అడిగారు. నా కుట్టుని ఆయన జన్మలో మెచ్చుకున్నది ఆ ఒక్కసారే.

మొన్న సంతాప సభలో అందరూ తీరని లోటు అన్నారు. నాకు అంత పెద్ద లెక్క తెలియదు. బస్టాండులో ఆ రోజు ఆగిపోయిన మరియమ్మ గారి కోడలు ఇంకా వెళ్లలేదు, అది తెలుసు. అప్పన్నని అడిగితే, "నేను అన్నలా మాట్లాడలేను వదినా, పొడుగే గానీ" అన్నాడు. ఆ పిల్లని పాస్‌పోర్టు ఆఫీసుకి నేనే తీసుకెళ్తున్నాను. ఎలాగూ నాకూ అక్కడ ఇంకోసారి పని ఉంది.

ఎందుకంటే, రంగూన్లో వదినకి ఇంకా తెలియదు. ఉత్తరం రాస్తానని అప్పన్న అన్నాడు, వద్దన్నాను. ఆవిడ కొడుక్కి తెలుగు చదవడం రాదు, ఆ ఉత్తరం అక్కడ ఎవరో పరాయి మనిషి చదివి వినిపించాలి. చదివేసి లేచి వెళ్లిపోతారు. ఆవిడ ఒక్కతే ఆ కాయితం చేతిలో పట్టుకుని కూర్చుంటుంది. నేను బతికుండగా అది జరగనివ్వను. అందుకే పాస్‌పోర్టుకి పెట్టాను. అప్పన్న తోడొస్తాడు, కానీ చెప్పాల్సింది నేనే. మా ఆయన బతికున్నన్నాళ్లూ ఆ పాస్‌పోర్టు ఆఫీసుకి తప్ప నన్ను అన్నవరం దాటించలేదు. పోయి, విమానం ఎక్కిస్తున్నారు.

మొన్న కాయితాలు ఇస్తుంటే కిటికీ లోపల కూర్చున్న అమ్మాయి, చిన్నపిల్ల, "ఈ వయసులో బర్మా ఎందుకమ్మా?" అంది. మా ఆడపడుచుకి తమ్ముడి సంగతి చెప్పి రావాలమ్మా అన్నాను. "ఫోన్ చేస్తే సరిపోతుందిగా" అంది. ఆవిడ చేతులతో చూస్తుంది తల్లీ, ఫోనుని ఏం తడుముతుంది అన్నాను. ఆ పిల్ల ముద్ర వేసి ఇచ్చింది.

ఏం చెప్పాలో పడుకుని లేచి అనుకుంటూనే ఉన్నాను. టీచరమ్మ రాసిన పెద్ద మాటలు అక్కడికి మోసుకెళ్లను. ఆవిడ పక్కన కూర్చుని, చేతులు నా మొహం మీద పెట్టుకోనిస్తాను, నేనెవరో తెలియాలి కదా. అప్పుడు చెప్తాను. వదినా, మీరు ఓడెక్కించిన పిల్లాడిని నేను అందుకున్నాను. పొట్టిగానే ఉండిపోయాడు గానీ, తిండికి లోటు చెయ్యలేదు. ఆయన వల్ల చాలామంది క్షేమంగా వెళ్లారు, క్షేమంగా వచ్చారు. మీ పెంపకం వృథా పోలేదు.

అంతవరకు ఏడవకుండా చెప్పగలిగితే చాలు. తర్వాత ఇద్దరం కలిసి ఏడుస్తాం.